వాడిన నీళ్ళు ఎక్కడికి పోతున్నాయి?

చిన్న మురుగునీటి ప్లాంట్లను తక్కువ ఖర్చుతో బాగా నడిపించడం ఎలా?

ఆసుపత్రిలో రోగిని చేర్చిన బంధువులు తాగే నీటి గురించి తప్పకుండా అడుగుతారు. "ఇవి కాచినవేనా? ఫిల్టరు నీళ్ళేనా?" అని రెండుసార్లు అడిగి గాని గ్లాసు నింపరు. అది మంచి అలవాటే. అయితే అదే రోగి స్నానం చేసిన నీళ్ళు, బట్టలు ఉతికిన నీళ్ళు, మరుగుదొడ్డిలో పోసిన నీళ్ళు ఎక్కడికి పోతున్నాయని అడిగేవారు చాలా తక్కువ. తూములోకి పోయాక ఆ నీటితో మనకు పని తీరిపోయిందని అనుకుంటాం. నిజానికి ఆ నీటికి మనతో పని తీరలేదు. సరిగా శుద్ధి కాకపోతే అది కాలువలో కలుస్తుంది, చెరువులో చేరుతుంది, బావి నీటిలోకి ఊరుతుంది, ఆకుకూరల మీద పడుతుంది. చివరికి మళ్ళీ మన గ్లాసులోకే వస్తుంది.

టైఫాయిడ్, కలరా, రక్త విరేచనాలు, ఏ రకం, ఇ రకం పచ్చకామెర్లు, నులిపురుగులు, ఇవన్నీ మలం ద్వారా బయటికి వచ్చి నోటి ద్వారా లోపలికి పోయే జబ్బులే. వార్డులో ఎన్ని సీసాల సెలైన్ ఎక్కించినా ఈ దారిని మూయకపోతే ఒక మంచం ఖాళీ అయ్యేసరికి మరో రోగి వస్తూనే ఉంటాడు. ఈ దారిని మూసే పని ఆసుపత్రి వెనుక, అపార్ట్‌మెంటు సెల్లారులో, హాస్టలు గోడ పక్కన ఉండే చిన్న శుద్ధి ప్లాంటుది.

లెక్క చూద్దాం

భారత ప్రమాణాల సంస్థ లెక్క ప్రకారం 100 పడకలు మించని ఆసుపత్రికి పడక ఒక్కింటికి రోజుకు 340 లీటర్ల నీరు కావాలి. అంటే 100 పడకల ఆసుపత్రికి రోజుకు 34,000 లీటర్లు. అందులో చాలా భాగం ఆ రోజే మురుగునీరుగా బయటికి వస్తుంది. పది వేల లీటర్ల ట్యాంకరు లారీలు మూడు నిండేంత నీరన్న మాట!

దేశం మొత్తం లెక్క ఇంకా ఆలోచింపజేస్తుంది. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2021లో ఇచ్చిన నివేదిక ప్రకారం మన పట్టణాల నుంచి రోజుకు 7,236 కోట్ల లీటర్లకు పైగా మురుగునీరు వస్తోంది. కట్టిన ప్లాంట్లన్నీ కలిసి శుద్ధి చేయగలిగేది 3,184 కోట్ల లీటర్లు. వాస్తవంగా శుద్ధి అయినది 2,023 కోట్ల లీటర్లు మాత్రమే. ఈ మూడు అంకెలను పక్కపక్కన పెట్టి చూడండి. ప్లాంట్లు చాలినన్ని లేవన్నది ఒక బాధ. ఉన్నవాటిని కూడా పూర్తిగా వాడుకోవడం లేదన్నది రెండో బాధ. మొదటిదానికి కోట్ల రూపాయలు కావాలి. రెండోదానికి చాలాచోట్ల శ్రద్ధ, అవగాహన, కొద్దిపాటి ఖర్చు సరిపోతాయి. ఈ వ్యాసం ఆ రెండోదాని గురించే.

ప్లాంటులో ఏం జరుగుతుంది?

ఇందులో పెద్ద రహస్యం ఏమీ లేదు. పెరుగు తోడు పెట్టే ఇల్లాలికి ఇది సులువుగానే అర్థమవుతుంది.

మురుగునీటిలోని మలినాన్ని తినే సూక్ష్మజీవులు కోట్ల సంఖ్యలో ఉంటాయి. వాటికి కావలసింది రెండే: తిండి, గాలి. తిండి మురుగులోనే ఉంది. గాలిని బ్లోయరు అనే యంత్రం గొట్టాల ద్వారా ట్యాంకు అడుగు నుంచి బుడగలుగా పంపుతుంది. సూక్ష్మజీవులు మలినాన్ని తిని, పెరిగి, ఒకదానికొకటి అంటుకుని గోధుమ రంగు తునకలుగా మారతాయి. దీన్నే బురద లేక స్లడ్జ్ అంటారు. తర్వాతి ట్యాంకులో నీటిని కదలకుండా ఉంచితే ఈ తునకలు అడుగుకు దిగిపోతాయి, పైన తేట నీరు మిగులుతుంది. ఆ తేట నీటికి క్లోరిన్ కలిపి మిగిలిన క్రిములను చంపుతారు.

అడుగుకు దిగిన బురదలో కొంత భాగాన్ని మళ్ళీ మొదటి ట్యాంకుకు పంపాలి. ఇదే తోడు. నిన్నటి పెరుగు ఒక చెంచా వేస్తే ఈ రోజు పాలు తోడుకున్నట్టే, నిన్నటి సూక్ష్మజీవులు ఈ రోజు మురుగును త్వరగా శుభ్రం చేస్తాయి. ఇంగ్లండులోని మాంచెస్టర్ నగరంలో ఎడ్వర్డ్ ఆర్డెర్న్, విలియం లాకెట్ అనే ఇద్దరు ఈ సంగతి కనిపెట్టి 1914లో ప్రకటించారు. మొదట మురుగులోకి గాలి పంపితే అది పూర్తిగా శుద్ధి కావడానికి వారాలు పట్టింది. అడుగున మిగిలిన బురదను పారేయకుండా దాని మీదనే కొత్త మురుగు పోస్తూ వచ్చేసరికి ఆ సమయం గంటల్లోకి తగ్గిపోయింది. నేటికీ చాలా ప్లాంట్లు ఈ సూత్రం మీదనే నడుస్తున్నాయి. కొన్ని ప్లాంట్లలో ప్లాస్టిక్ చక్రాలు నీటిలో తిరుగుతూ ఉంటాయి. అక్కడ సూక్ష్మజీవులు ఆ చక్రాలకు పాచిలా అంటుకుని పెరుగుతాయి. పద్ధతి కొంచెం వేరైనా తిండి, గాలి అనే సూత్రం ఒకటే.

కాబట్టి ప్లాంటు అంటే ఒక మోటారు, నాలుగు గోడలు కాదు. అది ప్రాణమున్న వ్యవస్థ. పశువులను సాకినట్టు దాన్ని సాకాలి. వేళకు మేత, చాలినంత గాలి కావాలి, విషం తగలకూడదు.

1. జాలీ దగ్గరే సగం పని

మురుగు ప్లాంటులోకి వచ్చే చోట ఇనుప జాలీ ఉంటుంది. దూది, గాజుగుడ్డ, శానిటరీ నాప్కిన్లు, ప్లాస్టిక్ కవర్లు అక్కడ ఆగాలి. దాన్ని రోజూ శుభ్రం చేయకపోతే నీరు పొంగి జాలీ పైనుంచి పోతుంది, చెత్తంతా పంపులో చుట్టుకుంటుంది, మోటారు కాలిపోతుంది. మోటారు వైండింగుకు అయ్యే ఖర్చుతో పోలిస్తే ఒక పొడుగు పార, చేతి తొడుగులు, రోజుకు రెండుసార్లు పది నిమిషాల పని ఎంత? వంటగది నుంచి వచ్చే నీటికి నూనె తొట్టె వేరుగా ఉండాలి. వారానికి ఒకసారైనా దానిపై తేలిన జిడ్డును తీసివేయాలి. ఆ జిడ్డు లోపలికి పోతే గాలి నీటిలో సరిగా కలవదు.

2. మురుగును ఒక్కసారిగా పంపవద్దు

ఉదయం 6 నుంచి 9 గంటల దాకా అందరూ స్నానాలు చేస్తారు, బట్టలు ఉతుకుతారు. రోజులో వచ్చే నీటిలో పెద్ద వాటా ఆ మూడు గంటల్లోనే వస్తుంది. అర్ధరాత్రి చుక్క కూడా రాదు. ఉదయం వచ్చిన ప్రవాహాన్ని అలాగే లోపలికి వదిలితే తేట పడవలసిన ట్యాంకులో బురద లేచి నీటితోపాటు బయటికి కొట్టుకుపోతుంది.

చాలా ప్లాంట్లలో ఇందుకోసం ముందే ఒక పెద్ద తొట్టె కట్టి ఉంటుంది. మురుగును అందులో నిలిపి 24 గంటలూ సమానంగా పంపాలని ఉద్దేశం. 34,000 లీటర్లను 24 గంటలకు పంచితే గంటకు సుమారు 1,400 లీటర్లు. కాని ఫ్లోటు స్విచ్చును ఎత్తులో కట్టి తొట్టె నిండగానే పంపు పూర్తి వేగంతో నడిచేలా వదిలేస్తే ఆ తొట్టె ఉన్నా లేనట్టే. పంపు తర్వాత ఒక వాల్వు పెట్టి, అదనపు నీటిని తిరిగి తొట్టెలోకే మళ్ళించే చిన్న గొట్టం అమరిస్తే చాలు. ప్లంబరుకు ఒక పూట పని.

3. గాలి ఎంత కావాలో అంతే

ఇలాంటి ప్లాంట్లలో కరెంటు ఖర్చులో సగం, అంతకన్నా ఎక్కువ బ్లోయరుదే. దీన్ని రెండు రకాలుగా తప్పు నడుపుతారు. బిల్లుకు భయపడి చాలాసేపు ఆపేయడం ఒకటి. అసలు ఆపకుండా నడపడం మరొకటి.

చాలాసేపు ఆపేస్తే సూక్ష్మజీవులకు ఊపిరి ఆడదు. నీరు నల్లబడుతుంది, కుళ్ళిన కోడిగుడ్డు వాసన వస్తుంది. అవసరానికి మించి నడిపితే డబ్బు వృథా, బురద తునకలు కూడా విడిపోయి సరిగా దిగవు. నీటిలో కరిగిన ఆక్సిజన్ లీటరుకు 2 మిల్లీగ్రాముల దగ్గర ఉంటే సాధారణంగా సరిపోతుంది. దీన్ని కొలిచే చేతి మీటరు దొరుకుతుంది. ఒక మీటరు కొని నాలుగైదు ప్లాంట్లవారు పంచుకోవచ్చు.

బ్లోయరును టైమరుతో వంతులవారీగా నడపడంలో ఇంకో లాభం ఉంది. గాలి ఉన్నప్పుడు ఒక జాతి సూక్ష్మజీవులు మూత్రంలోని అమ్మోనియాను నైట్రేటుగా మారుస్తాయి. గాలి ఆగినప్పుడు మరో జాతి ఆ నైట్రేటులోని ఆక్సిజన్‌ను వాడుకుని నత్రజనిని గాలిలోకి వదిలేస్తుంది. నైట్రేటు బావి నీటిలో చేరితే పసిపిల్లల రక్తానికి ఆక్సిజన్ మోసే శక్తి తగ్గి ఒళ్ళు నీలిరంగు తిరిగే ప్రమాదం ఉంది. కాబట్టి దాన్ని ప్లాంటులోనే వదిలించుకోవడం మంచిది. అమెరికాలోని పర్యావరణ పరిరక్షణ సంస్థ 2015లో ఇలా తక్కువ ఖర్చుతో చేసిన మార్పులతో నత్రజని తగ్గించుకున్న ఊళ్ళ అనుభవాలను ఒక నివేదికగా తెచ్చింది. మోంటానా రాష్ట్రంలో సుమారు 1,200 మంది జనాభా ఉన్న చినూక్ అనే చిన్న ఊరు కూడా అందులో ఉంది. కొత్త ప్లాంటు కట్టకుండా, ఉన్నదాన్ని అర్థం చేసుకుని నడపడమే ఆ నివేదిక చెప్పే పాఠం.

మనకు దీనివల్ల మిగిలేది ఎంత? 3 హార్స్‌పవర్ బ్లోయరు పూర్తి లోడుతో గంటకు సుమారు 2.24 యూనిట్లు తీసుకుంటుందనుకుందాం. 24 గంటలు నడిస్తే రోజుకు దాదాపు 54 యూనిట్లు. రోజు మొత్తంలో విడతలు విడతలుగా 6 గంటలు ఆపగలిగితే 40 యూనిట్లు. నెలకు సుమారు 400 యూనిట్లు మిగులుతాయి. యూనిట్ 8 రూపాయలని లెక్క వేసుకుంటే నెలకు 3,200 రూపాయలు. టైమరు ఖరీదు అందులోనే తిరిగి వచ్చేస్తుంది.

ఒక హెచ్చరిక. మొదటి రోజే గంటల తరబడి ఆపవద్దు. మురుగు తక్కువగా వచ్చే రాత్రి వేళ అరగంటతో మొదలుపెట్టి, వాసన, రంగు, ఆక్సిజన్ మీటరు చూసుకుంటూ వారం వారం కొద్దికొద్దిగా పెంచాలి. వాసన మారితే వెంటనే వెనక్కి తగ్గాలి.

4. గాజు జాడీ పరీక్ష

రక్తపోటు చూసుకోవడానికి డాక్టరు దగ్గర యంత్రం ఉన్నట్టే, ప్లాంటు ఆరోగ్యం చూడడానికి ఒక లీటరు పట్టే గీతలున్న గాజు జాడీ ఉంది. గాలి పంపే ట్యాంకు నుంచి ఒక లీటరు నీరు ముంచి, జాడీలో పోసి, కదపకుండా 30 నిమిషాలు ఉంచాలి. బియ్యం కడిగిన కుడితి తేరుకున్నట్టు బురద అడుగుకు దిగుతుంది. అది ఏ గీత దగ్గర ఆగిందో పుస్తకంలో రాయాలి. రోజూ ఒకే వేళకు చేయాలి.

250 దగ్గర ఆగుతున్నది వారం తిరిగేసరికి 300, తర్వాత 400, 500 అవుతుంటే బురద ఎక్కువైందనో, సరిగా దిగడం లేదనో అర్థం. ఏ ప్లాంటుకు ఏ అంకె సరైనదో ఆ ప్లాంటు పుస్తకమే కొద్ది నెలల్లో చెబుతుంది. అంకె కన్నా అది ఏ వైపుకు పోతోందన్నది ముఖ్యం.

జాడీని మరో గంట, రెండు గంటలు అలాగే ఉంచి చూడండి. దిగిన బురద ముద్దలుగా పైకి తేలితే అందులో నైట్రేటు మిగిలి, నత్రజని బుడగలు పుట్టి బురదను పైకి లేపుతున్నాయన్న మాట. అప్పుడు తేట ట్యాంకు అడుగున బురదను ఎక్కువసేపు నిలవనీయకుండా త్వరగా తిప్పి పంపాలి.

కళ్ళు, ముక్కు కూడా పరికరాలే. ఆరోగ్యంగా ఉన్న ప్లాంటు నీరు మంచి గోధుమ రంగులో ఉంటుంది. తొలకరి వానకు తడిసిన మట్టి వాసన వస్తుంది. తెల్లని సబ్బు నురగ పొంగుతుంటే సూక్ష్మజీవులు ఇంకా తక్కువగా ఉన్నాయని అనుమానించాలి. ముదురు గోధుమ రంగులో మీగడలా గట్టి నురగ కడితే బురద ముసలిదైపోయిందని, తీయవలసినంత తీయడం లేదని అర్థం.

5. బురదను రోజూ కొద్దిగా తీయాలి

చిన్న ప్లాంట్లలో ఎక్కువగా నిర్లక్ష్యానికి గురయ్యేది ఇదే. తోడుకు ఒక చెంచా చాలు, గిన్నెడు పెరుగు అక్కరలేదు. సూక్ష్మజీవులు రోజూ పెరుగుతాయి. పెరిగినంత మేరకు తీయకపోతే ఒక రోజు తేట ట్యాంకు నిండి బురద తనంతట తానే బయటికి పోతుంది. శుద్ధి చేసిన నీరు అనుకుని బురద నీటినే తోటకో కాలువకో వదిలినట్టవుతుంది.

నెలకు ఒకసారి పెద్దమొత్తంలో తోడేయడం కన్నా రోజూ కొద్దికొద్దిగా తీయడం మేలు. ఉదాహరణకు 15,000 లీటర్ల గాలి ట్యాంకులో సూక్ష్మజీవులను 20 రోజులు ఉంచాలనుకుంటే, ఆ ట్యాంకు నీటిలో ఇరవయ్యో వంతు, అంటే రోజుకు 750 లీటర్లు తీయాలి. తేట ట్యాంకు అడుగు నుంచి తీస్తే బురద చిక్కగా ఉంటుంది కాబట్టి ఇంకా తక్కువ సరిపోతుంది. తీసిన బురదను ఇసుక పడకల మీద ఆరబెడతారు. అయితే ఆసుపత్రి బురదను పొలాలకు ఎరువుగా ఇవ్వకూడదు. 2016 నాటి బయోమెడికల్ వ్యర్థాల నిబంధనల ప్రకారం ఆసుపత్రి శుద్ధి ప్లాంటు బురదను దహనం కోసం ఉమ్మడి శుద్ధి కేంద్రానికి గాని, ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి గాని పంపాలి.

6. క్లోరిన్ - లెక్క ప్రకారం

శుద్ధి అయిన నీటికి లీటరుకు 5 మిల్లీగ్రాముల చొప్పున క్లోరిన్ వేయాలనుకుందాం. 34,000 లీటర్లకు 170 గ్రాముల క్లోరిన్ కావాలి. మంచి బ్లీచింగ్ పౌడరులో నూటికి 30 వంతుల క్లోరిన్ ఉంటుంది కాబట్టి సుమారు 570 గ్రాముల పౌడరు చాలు. అదే బస్తా మూతి తెరిచి తేమ తగిలే చోట నెలల తరబడి ఉంచితే క్లోరిన్ ఎగిరిపోయి 15 వంతులకు పడిపోవచ్చు. అప్పుడు అంతే పౌడరు వేసినా నీటికి అందేది సగమే. పుస్తకంలో క్లోరిన్ వేసినట్టే ఉంటుంది, క్రిములు మాత్రం బతికే ఉంటాయి.

కాబట్టి చిన్న సంచులు కొని, మూత ఉన్న డబ్బాలో, పొడి చోట ఉంచాలి. కలిపిన తర్వాత కనీసం 30 నిమిషాలు నీటిని నిలపాలి. ఆ తర్వాత కూడా నీటిలో లీటరుకు 0.5 మిల్లీగ్రాము క్లోరిన్ మిగిలి ఉందో లేదో క్లోరోస్కోప్‌తో చూడాలి. పంచాయతీవారు మంచినీటి ట్యాంకు దగ్గర వాడే చిన్న డబ్బా అదే. నీరు మడ్డిగా ఉంటే మాత్రం ఎంత క్లోరిన్ పోసినా దండగే. మడ్డి దాన్ని మింగేస్తుంది. ముందు నీరు తేరాలి, తర్వాతే క్లోరిన్.

7. విషం పోయవద్దు

నేల తుడిచే ఫినాయిలు, బ్లీచింగ్ ద్రావణం, ల్యాబు రసాయనాలు బకెట్లకొద్దీ ఒకేసారి తూములో పోస్తే అవి ప్లాంటులోని సూక్ష్మజీవులను కూడా చంపుతాయి. మళ్ళీ అవి పెరిగి దారికి రావడానికి రోజులు పడుతుంది. అందుకే ల్యాబు రసాయనాలను విడిగా సేకరించి ముందు వాటికి చేయవలసిన శుద్ధి చేశాకే మిగతా మురుగులో కలపాలని నిబంధనలు చెబుతున్నాయి. ఫినాయిలు సీసా మీద రాసిన కొలత ప్రకారమే కలపాలి. ఎక్కువ పోస్తే ఎక్కువ శుభ్రం అనుకోవడం పొరపాటు.

మందుల సంగతి మరీ ముఖ్యం. హైదరాబాదు దగ్గరి పటాన్‌చెరులో మందుల కంపెనీల వ్యర్థ జలాలను శుద్ధి చేసే కేంద్రం నుంచి బయటికి వస్తున్న నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉన్నట్టు 2007లో ప్రచురితమైన ఒక పరిశోధన చూపింది. ఆ మాత్ర వేసుకున్న రోగి రక్తంలో ఉండేదానికన్నా అది ఎక్కువ. ఇలాంటి నీటిలో పెరిగిన క్రిములు మందుకు లొంగకుండా తయారవుతాయి. మనం మరుగుదొడ్డిలో పడేసే నాలుగు మాత్రలు ఆ స్థాయివి కావు, నిజమే. అయినా ఆ దారిన పోవలసినవి కావు. మిగిలిన మందులను తూములో వేయకండి. ఎక్కడ ఇవ్వాలో ఫార్మసీలో అడగండి.

8. పుస్తకం, మనిషి

ఒక రెండు వందల పేజీల నోటు పుస్తకం ఈ ప్లాంటుకు కేస్ షీటు లాంటిది. రోజూ జాడీ అంకె, బ్లోయరు నడిచిన గంటలు, తీసిన బురద, వేసిన పౌడరు, మిగిలిన క్లోరిన్, నీటి రంగు, వాసన రాయాలి. ఒకేసారి నాలుగు మార్పులు చేయకూడదు. ఒకటి చేసి రెండు వారాలు చూడాలి. లేకపోతే దేనివల్ల మేలు జరిగిందో, దేనివల్ల కీడు జరిగిందో తెలియదు.

నెలకు ఒకసారైనా నీటిని గుర్తింపు పొందిన ల్యాబులో పరీక్ష చేయించాలి. ఊరి మురుగు శుద్ధి కేంద్రానికి చేరని ఆసుపత్రి నీటికి నిబంధనలు పెట్టిన హద్దులు ఇవి: బీఓడీ, అంటే నీటిలో మిగిలిన మలినాన్ని తినడానికి సూక్ష్మజీవులకు కావలసిన ఆక్సిజన్, లీటరుకు 30 మిల్లీగ్రాములు మించకూడదు. తేలాడే మడ్డి 100, సీఓడీ 250, నూనె జిడ్డు 10 మిల్లీగ్రాములు మించకూడదు. పీహెచ్ 6.5 నుంచి 9 మధ్య ఉండాలి. ఇవి కాక అందరికీ అర్థమయ్యే పరీక్ష ఇంకొకటి ఉంది. ఆ నీటిలో వదిలిన చేపల్లో నూటికి 90 చేపలు 96 గంటల తర్వాత కూడా బతికి ఉండాలి!

పుస్తకం రాసే మనిషిని మరవకూడదు. ప్లాంటు ఆపరేటరును రాత్రి కాపలా, తోట పని, లిఫ్టు పనుల మధ్య పరుగెత్తిస్తే జాడీ దగ్గర 30 నిమిషాలు ఎవరు నిలబడతారు? అతనికి శిక్షణ, బూట్లు, తొడుగులు, ధనుర్వాతం, హెపటైటిస్ టీకాలు, చేతులు కడుక్కోవడానికి సబ్బు ఇవ్వాలి. ఇదంతా కలిపినా ఒక మోటారు రిపేరు ఖర్చు కాదు.

ట్యాంకులోకి మనిషిని దింపవద్దు

ఈ విషయంలో రాజీ లేదు. మూసి ఉన్న మురుగు ట్యాంకులో హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు పేరుకుంటుంది. కొద్దిగా ఉన్నప్పుడు కుళ్ళిన గుడ్డు వాసన వస్తుంది. ఎక్కువైతే ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు. వాసన లేదు కదా అని దిగిన మనిషి రెండు శ్వాసల్లో కూలిపోతాడు. అతన్ని కాపాడాలని దిగిన రెండో మనిషి, మూడో మనిషి కూడా చనిపోయిన సంఘటనలు ఎన్నో ఉన్నాయి.

2013 నాటి చట్టం రక్షణ లేకుండా మురుగు కాలువలు, సెప్టిక్ ట్యాంకుల్లోకి మనుషులను దింపడాన్ని నిషేధించింది. మురుగులో మరణించినవారి కుటుంబాలకు 10 లక్షల రూపాయలు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2014లో ఆదేశించింది. 2023 అక్టోబరులో దాన్ని 30 లక్షలకు పెంచింది. ఏ పరిహారమూ ఇంటి మనిషిని తిరిగి తేలేదు. పని ఆగినా ఫరవాలేదు, యంత్రం ఉన్న బండిని పిలిపించండి. "ఒక్క నిమిషం దిగి చూసొస్తా" అని ఎవరన్నా సరే, చెయ్యి పట్టుకుని ఆపండి.

మన ఇంటి సంగతి

ప్లాంటు లేని ఇళ్ళు మనలో చాలా ఉన్నాయి. వాటికి సెప్టిక్ ట్యాంకే శుద్ధి కేంద్రం. దాన్ని రెండు, మూడేళ్ళకు ఒకసారి తప్పనిసరిగా ఖాళీ చేయించాలి. "పదిహేనేళ్ళయింది, ఇంతవరకు నిండలేదు" అని కొందరు గొప్పగా చెబుతారు. నిండకపోతే మలమంతా ఎటు పోయినట్టు? అడుగు పగిలి భూమిలోకో, గొట్టం ద్వారా వీధి కాలువలోకో పోతోందన్న మాట. ఇంకుడు గుంత తాగునీటి బావికి, బోరుకు కనీసం 18 మీటర్ల దూరంలో ఉండాలని ప్రమాణాలు చెబుతున్నాయి. తోడిన బండి ఆ మలాన్ని చెరువు గట్టున పారబోయకుండా శుద్ధి కేంద్రానికే తీసుకువెళ్తుందో లేదో అడగండి. వరంగల్ నగరపాలక సంస్థ 2016లోనే ఇందుకు ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. అడిగే హక్కు మనకుంది.

ఆసుపత్రికి వచ్చినా, ఇంట్లో ఉన్నా ఈ కొద్ది మాటలు గుర్తుంచుకోండి:

* మరుగుదొడ్డిలో నాప్కిన్లు, డైపర్లు, దూది, గుట్కా కవర్లు వేయకండి. వాటికి చెత్తబుట్ట ఉంది.
* వాడిన నూనెను సింకులో పోయకండి. కాగితంతో తుడిచి చెత్తలో వేయండి.
* మిగిలిన మందులు, సిరప్పులు తూములో పారబోయకండి.
* కారుతున్న పంపును చూస్తే వెంటనే చెప్పండి. అనవసరంగా పోయే ప్రతి లీటరునూ ప్లాంటు మోయాలి.
* ప్లాంటు దగ్గర కుళ్ళిన వాసన వస్తుంటే ముక్కు మూసుకుని పోకుండా ఆఫీసులో చెప్పండి.
* శుద్ధి చేసిన నీరు మొక్కలకు, మరుగుదొడ్లలో పోయడానికి మాత్రమే. తాగడానికి, వంటకు, పిల్లల ఆటకు కాదు.

2020లో కరోనా సమయంలో హైదరాబాదులోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు నగరపు మురుగునీటిని పరీక్షించి, అందులోని వైరస్ ఆనవాళ్ళను బట్టి సుమారు 6 లక్షల 60 వేల మందికి అది సోకి ఉంటుందని అంచనా వేశారు. ఊరి ఆరోగ్యం ఎలా ఉందో ఊరి మురుగు చెబుతుంది. ఆసుపత్రి వెనుక ప్లాంటు కూడా అలాగే ఆ ఆసుపత్రి శ్రద్ధను చెబుతుంది. అక్కడ ఉదయాన్నే గాజు జాడీ పట్టుకుని, బురద దిగేదాకా ఓపికగా నిలబడే ఆపరేటరు కూడా వ్యాధులను నివారించేవారిలో ఒకరు. ఈసారి ఆ వైపు వెళ్ళినప్పుడు అతన్ని పలకరించండి. "ఈ రోజు ఏ గీత దగ్గర ఆగింది అన్నా?" అని అడగండి. ఎవరో ఒకరు అడుగుతున్నారని తెలిసిన పని శ్రద్ధగా సాగుతుంది.